తోలుబంతిని చేత్తో పట్టినవాడు

కిందటి నెల సునాబెడలో మా మనవడి క్వార్టర్సులో కొన్నాళ్ళున్నాను. వాడు అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. సాయంత్రం షిఫ్టు దిగాక వాడి స్నేహితులు ముగ్గురు వచ్చి టీవీ ముందు కూర్చుని, ఏదో పరదేశపు ఫుట్‌బాల్ జట్టు గురించి వాదించుకునేవారు. ఆ ఊరు వాళ్ళలో ఎవరూ చూసి ఎరగరు. అయినా ఎవర్ని ముందుకి పెట్టాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి, ఎవర్ని వదిలించుకుని ఎవర్ని కొనాలి అన్నది వాళ్ళకి సొంత ఇంటి వ్యవహారమైపోయింది. గోలు కాసేవాడు ఆ వారం ఏదో తప్పు చేశాడు కాబోలు, వాణ్ణి ఎక్కడికైనా పంపించేసి ఇంకొకణ్ణి తెచ్చుకుంటే తప్ప జట్టు బాగుపడదని అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. వాళ్ళలో ఒక కుర్రాడు మర్యాదస్తుడు. నావైపు తిరిగి, మా గోలతో మీకు విసుగ్గా ఉందేమో మామ్మగారూ, మీ చిన్నప్పుడు ఈ ఆట ఉండేదా అని అడిగాడు. ఉండేది నాయనా, మా అరుగు మీద ఆడేవారు అన్నాను. వాళ్ళు నవ్వారు. నేను హాస్యానికి అనలేదు.

మా ఊరు కోరాపుట్. అది అప్పటికి మద్రాసు వారి ఏలుబడిలోని ఏజెన్సీ ఊరు. ఒరిస్సా రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. నేనిక్కడ తేదీలు వెయ్యడం లేదు. తెలియక కాదు. మా వాళ్ళలో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో తెలుసుకోవాలంటే ఇప్పటికీ నాదగ్గరికే వస్తారు. కాని ఈ సంగతికి తేదీ వేసేస్తే అక్కడితో లెక్క తేలిపోయినట్టు కనిపిస్తుంది. తేలలేదు కనుక వెయ్యను.

నాన్న జమీందారీ కచేరీలో హెడ్ గుమాస్తా. మా తాతగారి నాడే విజయనగరం వైపు నుంచి ఈ కొండల మీదికి కొలువుకి వచ్చాం. మా వీధంతా కచేరీ ఉద్యోగులే. పెంకుటిళ్ళు, ముందు ఎత్తరుగులు. వాన పట్టిందంటే నెలల తరబడి వదిలేది కాదు. బట్టలు ఆరవు. కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద పంచెలు ఆరబెట్టేవాళ్ళం. అందుకని మా ఇంట్లో అందరి బట్టలూ బొగ్గు వాసన వేసేవి. వానాకాలంలో పొద్దున్నే పళ్ళు తోముకోగానే పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి అమ్మ క్వినైను మింగించేది. ఆ చేదు మధ్యాహ్నం అన్నం దాకా నాలిక మీద ఉండేది. నాన్నమ్మని మేం మామ్మ అనేవాళ్ళం. ఆవిడ మడి కట్టుకుంటే వంటింటి గుమ్మం దగ్గర మా నీడ పడినా ఒప్పుకునేది కాదు.

అలాంటి ఇంటి దూలానికి ఫుట్‌బాల్ వేలాడుతూ ఉండేదంటే నమ్మరు. వేలాడేది. లోపల కాదు, అరుగు మీది దూలానికి. కచేరీ జట్టు బంతిని మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు సత్యం, భద్రం చేసేవాడు. ఎలకలు కొరక్కుండా తాడు కట్టి పైకి లాగేవాడు. వానలో తడిసి తోలు గట్టిపడకుండా ఆముదం పట్టించేవాడు. ఆముదం, తడి తోలు కలిసిన ఆ వాసన గుమ్మం దాటి లోపలికి వచ్చిన రోజున మామ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అన్నం మానేసేది.

బాబాయి గోలీ, అంటే గోలు కాసేవాడు. ఎందుకయ్యాడో చెప్పాలి. పరుగెత్తలేక కాదు. బంతి ఆవుతోలుతో చేసింది. కాలితో తన్నినవాడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటే మైల పోయేది. గోలీ మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టి గుండెకి హత్తుకోవాలి. కచేరీ కుర్రాళ్ళందరూ మాలాంటి ఇళ్ళవాళ్ళే. పది చోట్లకీ పోటీ పడ్డారు గాని ఆ పదకొండో చోటికి ఒక్కడూ రాలేదు. బాబాయి వెళ్ళి నిలబడ్డాడు. ఆ మాట తెలిసిన నాడు మామ్మ పెద్ద రభస చేసింది.

"తన్నీవోళ్ళు తన్నుకుంటారు. చేత్తో పట్టుకుని, ఆ చేత్తోనే అన్నం ఎలా కలుపుతావురా?" అంది.

"ఎవడో ఒకడు పట్టాలి కదమ్మా. అందరూ తన్నీవాళ్ళే అయితే వచ్చిన బంతిని ఆపీదెవరు?" అన్నాడు బాబాయి.

చివరికి ఒక ఏర్పాటు జరిగింది. ఆట నుంచి వచ్చాక బాబాయి దేన్నీ ముట్టుకోకుండా దొడ్డిదారిన నూతి దగ్గరికి వచ్చి నిలబడతాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తాను. ముందు చేతులకి పేడనీళ్ళు, తరవాత పసుపు నీళ్ళు, తరవాత నెత్తి మీంచి స్నానం. చలికాలంలో పళ్ళు టకటకలాడుతుంటే ఆటలో ఏం జరిగిందో చెబుతూనే ఉండేవాడు. అరిచేతులు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. కచేరీలో కాగితాల మీద పసుపు వేళ్ళ గుర్తులు పడుతున్నాయని నాన్న ఒకటి రెండుసార్లు కోప్పడ్డాడు.

సాయంత్రాలు మా అరుగు మీద సభ. నాన్న ఉన్నా పెద్దగా మాట్లాడేవాడు కాదు. సభని నడిపేది ఖజానా చూసే జోగారావు పంతులుగారు. నాన్నకన్నా వయసులోనూ కొలువులోనూ పెద్దాయన. మోకాలి నొప్పితో కర్ర ఆనించుకుని వచ్చేవారు. మద్రాసు నుంచి వచ్చే పత్రికలు చదివి ఆట వ్యూహాలన్నీ తెలుసుకునేవారు. ఇంగ్లండు సీమలో నియమాలు మారాయి కనుక మైదానం నడుమ ఆడే హాఫ్‌ని వెనక్కి దింపి, ఇద్దరు బ్యాకుల మధ్య గోడలా నిలబెట్టాలని ఆయన సిద్ధాంతం. నా గవ్వలాట చింతపిక్కలు తీసుకుని అరుగు మీద జట్టుని పేర్చేవారు. ఒక్కొక్క పిక్కకీ ఒక్కొక్క మనిషి పేరు. వీడు కుడికాలితో తప్ప తన్నలేడు, వీడికి పెళ్ళయ్యాక ఊపిరి తగ్గింది, వీడి బదులు పార్వతీపురం కుర్రాడైతే బాగుండును అంటూ పిక్కల్ని జరిపేవారు. బజారులో బట్టల కొట్టున్న అప్పలస్వామి షావుకారు జట్టుకి బంతులూ నిమ్మకాయలూ ఇచ్చేవాడు కనుక ఆయనకీ అరుగు మీద చోటుండేది. పంతులుగార్ని ఆటపట్టించగలిగేది ఆయనొక్కడే.

"పంతులుగారూ, మీరు సెప్పినట్టు పిక్కలు బాగానే ఆడతన్నాయి. మనుసులకే తెలీటం లేదు," అనేవాడు. అందరూ నవ్వేవారు. పంతులుగారు కూడా నవ్వేవారు. నవ్వి, మళ్ళీ పిక్కని జరిపేవారు.

ఆ ఏడు కప్పు పోటీ చివరి ఆట రాయగడ రైల్వే వాళ్ళతో పడింది. ఆట మా ఊళ్ళోనే. ఆడవాళ్ళం గూడుబండిలో, తడిక సందుల్లోంచి చూశాం. రాజ్యం పిన్ని, అంటే బాబాయి భార్య, నా పక్కనే కూర్చుంది. కాపరానికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. బొబ్బిలి వైపు పిల్ల. మైదానంలో మగవాళ్ళందర్నీ చూసి సిగ్గుపడి, మొగుడి వైపు చూడకుండా ఎదుటి జట్టు గోలీనే చూస్తూ కూర్చుంది. అందువల్లే ఒక సంగతి ఆవిడ కంట పడింది. అతను చేతులకి ఉన్ని తొడుగులు వేసుకున్నాడు. రైల్వే వాళ్ళు బూట్లు తొడిగారని అందరూ చూశారు గాని ఆ తొడుగుల సంగతి మా వైపు ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నికి మైల లేదని మామ్మే అనేది. అలాంటి తొడుగులు బాబాయికి ఉంటే తోలు తగిలేదీ కాదు, ఆ పేడనీళ్ళూ తప్పేవి. ఆ ఆలోచన మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు.

ఆట ఓడిపోయాం. మా బంధువుల్లో ఇప్పటికీ, సత్యం ఆ రోజు మూడు గోల్సు వదిలేశాడట అంటారు. రెండు. మొదటిది చేతుల్లోంచి జారింది. రెండోది మన ఫుల్‌బ్యాక్ కాలి ముడుసుకి తగిలి దారి తప్పి లోపలికి పోయింది, దాన్ని ఎవడూ ఆపలేడు. మొదటిది ఎందుకు జారిందో కూడా నాకు తెలుసు. వాన పడేలా ఉంది, తడిస్తే బంతి బరువెక్కి మన ఫార్వర్డులకి దూరం పోదు అని, ముందురోజు పంతులుగారు బంతికి ఆముదం మళ్ళీ పట్టించమన్నారు. ఒకసారి పట్టించానండి అని బాబాయి అంటే, ఇంకోసారి పట్టించవయ్యా, నే చెప్తున్నాను కదా అన్నారు. తన్నేవాళ్ళకి మంచిదే. పట్టేవాడి సంగతి ఆయన వ్యూహంలో లేదు.

ఆ సాయంత్రం నూతి దగ్గర నేను నీళ్ళు పోస్తుంటే నాన్న అక్కడికి వచ్చాడు. బాబాయి తల వంచుకునే చెప్పాడు. "అన్నయ్యా, ఆముదం ఎక్కువైపోయింది. ఒట్టి చేతులకి పట్టు దొరకలేదు."

నాన్న గొంతు తగ్గించి, "నాకు తెలుసు. ఆ మాట అరుగు మీద అనకు. పెద్దాయన," అన్నాడు.

బాబాయి అనలేదు. సభ మాత్రం ఆ వారమంతా ఆ ఒక్క గోలు మీదే జరిగింది. నేను తలుపు వెనక చింతపిక్కల కోసం కాచుకుని విన్నాను. సత్యం మంచివాడే గాని చేతులు మెత్తన. సత్యం నిలబడే చోటే తప్పు. గోలీని మార్చకపోతే ఎన్ని వ్యూహాలు పన్నినా దండగ. మార్చాలంటే ఊళ్ళో తోలు పట్టేవాడు ఇంకొకడు లేడు. అప్పుడు పంతులుగారికి రాయగడ గోలీ గుర్తొచ్చాడు. అతనిది రైల్వేలో తాత్కాలికపు కొలువు. కచేరీలో స్థిరమైన కొలువు ఇస్తామంటే రేపే వచ్చేస్తాడు. కాని ఇవ్వడానికి కోరాపుట్‌లో ఖాళీ ఉండాలి.

ఖాళీ ఎలా వస్తుందో ఆయన అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు. లోపలి కొండల్లోని టికిరిలో శిస్తు గుమాస్తా చోటు వానాకాలం నుంచి ఖాళీగా ఉంది. అక్కడున్నాయన జ్వరంతో మంచం పట్టి పలాసలో అత్తవారింటికి పోయి మళ్ళీ రాలేదు. అంతకు ముందాయనా అంతే.

"సత్యాన్ని టికిరికి వేస్తే ఇక్కడ ఖాళీ వస్తాది. అక్కడా పని నడుస్తాది," అన్నారు పంతులుగారు.

"టికిరి నీళ్ళు మంచివి కావంటారు కదండీ. కొత్తగా పెల్లయినోడు," అన్నాడు షావుకారు. ఆ మాట అన్నందుకు ఆయన్ని నేను ఇప్పటికీ తలుచుకుంటాను. మళ్ళీ రెట్టించలేదన్నది కూడా గుర్తే.

"ఒక్క సీజనే కదా. కప్పు వచ్చేక వెనక్కి తెచ్చుకుందాం."

అందరూ నాన్న వైపు చూశారు. కచేరీలో బదిలీ కాగితం రాసేది ఆయనే, ఆయన రాసి పెట్టినదాని మీద మేనేజరు దొర చదవకుండానే సంతకం చేసేవాడు. నాన్న పిక్కల వైపు చూశాడు. తరవాత, "ఆపితే తమ్ముడని ఆపేనంటారు," అన్నాడు. ఎవరూ అలా అనం అనలేదు. దాంతో అది తేలిపోయింది.

సునాబెడలో ఆ కుర్రాళ్ళ మాటలు వింటూ నేను పోల్చుకున్నది దీన్నే. వాళ్ళు ఎంత కఠినంగా మాట్లాడినా, వాణ్ణి పీకెయ్యండి, వీణ్ణి అమ్మెయ్యండి అని ఎంత అరిచినా, ఆ మాట ఆ గది గోడలు దాటదు. ఆ గోలీ ఎక్కడో తన ఇంట్లో సుఖంగా నిద్రపోతాడు. మా అరుగు మీది పెద్దలు ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఎవర్నీ తిట్టలేదు. వాళ్ళు నెమ్మదిగా, నవ్వుకుంటూ అనుకున్న మాట మర్నాడు పొద్దున్న కచేరీలో కాగితం అయ్యేది. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. పంతులుగారు నాకు అక్షరాభ్యాసం చేయించినాయన.

పిన్ని బావగారి ఎదట పడేది కాదు, మాట్లాడేది కాదు. అప్పటి పద్ధతి అది. ఏదైనా అడగాలంటే నన్ను పంపేది. ఆ రోజు నన్ను వంటింటి మూలకి పిలిచి, "అమ్మీ, ఎన్నాళ్ళకని పంపుతున్నారో బావగార్ని అడిగిరా," అంది. వెళ్ళి అడిగాను. కప్పు పోటీలు అయ్యేదాకా అని చెప్పమన్నాడు నాన్న. తనూ వెళ్ళొచ్చా అని మళ్ళీ పంపింది. జ్వరాల చోటు, ఆడవాళ్ళు వద్దు అన్నాడు. ఆ రెండో జవాబు విన్నాక పిన్ని ఇంకేం అడగలేదు. జ్వరాల చోటని నాన్నకి తెలుసునన్నది మాత్రం ఆవిడ గట్టిగా పట్టుకుంది.

బాబాయి వెళ్ళేటప్పుడు హుషారుగానే ఉన్నాడు. అక్కడ బంతీ లేదు, పేడనీళ్ళూ లేవు, వేడి అన్నం వెంటనే తినొచ్చు అని నన్ను నవ్వించాడు. అమ్మ క్వినైను సీసా మూటలో పెట్టింది. అరుగు దిగుతూ అలవాటు కొద్దీ దూలం వైపు చూశాడు. బంతిని అప్పటికే కచేరీకి తీసుకుపోయారు. తాడు ఒక్కటీ ఊగుతోంది.

టికిరి నుంచి మొదట్లో కబుర్లు బాగానే వచ్చేవి. తరవాత జ్వరం వచ్చి తగ్గిందన్నారు. మళ్ళీ వచ్చిందన్నారు. నాన్న బాబాయిని వెనక్కి పిలిపించాలని పంతులుగారితో ఒకసారి అన్నాడట. పోటీలు నెత్తి మీదికి వచ్చాయి, ఇప్పుడు పిలిస్తే ఎక్కడ కూర్చోబెడతాం అన్నారట ఆయన. చలి తగ్గుతున్న రోజుల్లో, బాబాయిని బండిలో వేసి రాయగడ ఆస్పత్రికి తెచ్చారని మనిషి వచ్చి చెప్పాడు. నాన్న వెళ్ళాడు. పిన్నిని తీసుకెళ్ళలేదు.

నాన్న తిరిగి వచ్చి ఇంట్లోకి రాకుండా నూతి దగ్గరే నిలబడ్డాడు. చెంబు ఇమ్మని నావైపు చెయ్యి చాపాడు. నేను పోస్తాను అన్నాను. వద్దన్నాడు. అమ్మకీ మామ్మకీ అక్కడి నుంచే చెప్పాడు. చలిజ్వరం ముదిరి నల్లజ్వరంలోకి దిగిందని, ఒంటికి కాఫీ డికాషన్‌లా పోసిందని, తను వెళ్ళేసరికి మాట ఉంది గాని మనిషిని పోల్చుకోలేదని. నాగావళి ఒడ్డునే అన్నీ కానిచ్చేశానన్నాడు. రాయగడలో తనకి ఎవరూ తెలియరు. మోసేవాళ్ళు లేక ఆస్పత్రి గుమ్మంలో నిలబడి ఉంటే, రైల్వే కుర్రాళ్ళు నలుగురు వచ్చారట. ఎవరు బాబూ మీరు అని అడిగితే, "కోరాపుట్ గోలీ కదండి. ఆయనతో ఆడేం," అన్నారట. పాడె వాళ్ళే మోశారు. ఆ మాట చెప్పి నాన్న చెంబెడు నీళ్ళు నెత్తి మీంచి పోసుకున్నాడు.

పిన్నికి ఆ కాలంలో చెయ్యవలసినవని చేసేవన్నీ చేశారు. అవి నేను రాయను.

రాయగడ నుంచి వచ్చిన కొత్త గోలీ బాగా ఆడాడు. అది ఒప్పుకోవాలి. ఆ మరుసటి పోటీల్లో కప్పు మనకే వచ్చింది. గెలిచిన సాయంత్రం కుర్రాళ్ళు దాన్ని వీధంతా తిప్పి మా అరుగు మీద తెచ్చి పెట్టారు. మా ఇంట్లో ఏడాదిలోపు శుభం చెయ్యకూడదు కనుక అమ్మ పానకం ఇవ్వలేదు, మంచినీళ్ళు ఇచ్చింది. సభ మళ్ళీ కూడింది. పరామర్శ మాటలు రెండు అయ్యాక పంతులుగారు పై ఏడాది జట్టు సంగతి ఎత్తారు. ఎడమ వైపు చివర ఆడే కుర్రాడు మందగించాడు. సాలూరులో ఒకడున్నాడు, కొలువు ఇస్తే వస్తాడు. అయితే చోటు కావాలి. ఎలాగూ టికిరి మళ్ళీ ఖాళీ అయింది కదా అన్నారు. ఆయన ఆ మాట చెడు ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను. ఆయన కంటికి పిక్కల మధ్య ఖాళీ కనిపించింది, అంతే.

తలుపు తెరుచుకుంది. తెల్లబట్టలో, నెత్తి మీద ముసుగుతో పిన్ని గడప దాటి అరుగు మీదికి వచ్చింది. అలాంటి వేషంలో ఉన్న ఆడది మగవాళ్ళ ఎదట పడకూడదు. బావగారితో మాట్లాడకూడదు. ఆవిడ ముసుగు కొంచెం వెనక్కి తీసి, నాన్న ముఖంలోకి సూటిగా చూసి, మామూలు గొంతుతో అడిగింది.

"ఈపాలి ఎవుల్ని పంపుతున్నారు బావగారూ?"

నాన్న కళ్ళు దించుకున్నాడు. పంతులుగారు కర్ర కోసం వెతుక్కున్నారు. అందరికన్నా ముందు షావుకారు లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. పిన్ని అందరూ వెళ్ళేదాకా నిలబడి, తరవాత లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

ఆ తరవాత మా అరుగు మీద సభ జరగలేదు. సభ ఆగిపోయిందనుకుంటే పొరపాటు. పంతులుగారి అరుగు మీదికి మారింది. మాకూ వాళ్ళకీ మధ్య ఉన్నది నాలుగిళ్ళే. గాలి అటునుంచి వీస్తే మాటలు తెలిసేవి కావు గాని పేర్లు తెలిసేవి. పిన్ని పెరట్లో పప్పు రుబ్బుతూ ఉండేది. ఏదైనా పేరు రెండోసారి వినిపిస్తే పొత్రం ఆపి, మూడోసారి వస్తుందేమోనని చూసేది. వస్తే, ఆ పిక్కని జరపబోతున్నారని లెక్క వేసి, మర్నాడు మగవాళ్ళు కచేరీకి వెళ్ళాక, దొడ్డిదారిన ఆ పేరుగలాయన ఇంటికి వెళ్ళేది. శకునం బాగులేదని వాళ్ళు ముఖం తిప్పుకున్నా గుమ్మం బయటే నిలబడేది. ఒకసారి నేను వెంట వెళ్ళాను. ఆ ఇంటి కోడలు నా ఈడుకన్నా కొంచెం పెద్దది, చేతుల నిండా పిండితో బయటికి వచ్చింది. ఏం కావాలి రాజ్యంగారూ అని అడిగింది.

"ఏటీ వద్దు అమ్మీ. మీ ఆయన్ని బాగా ఆడమని చెప్పు," అంది పిన్ని.